మరణాలు: సున్నా

యోగేశ్వరికి వచ్చిన కవరులో ఉత్తరం లేదు, ఒక్క కాగితమే ఉంది. వర్నసారి గ్లోవ్స్ కంపెనీ వేసిన మొట్టమొదటి సస్టైనబిలిటీ రిపోర్టులోంచి చింపిన ఇరవై మూడో పేజీ అది. పసుపు హెల్మెట్టు పెట్టుకుని, ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధిచేసే ట్యాంకు పక్కన నిలబడి నవ్వుతున్న ఒక మనిషి ఫొటో. ఆ మనిషి చుట్టూ బాల్‌పెన్నుతో గట్టిగా గీసిన గీత. వెనకవైపు ఫోన్ నంబరు. యోగేశ్వరి ఆ నంబరుకు ఫోన్ చేసింది. అవతల ఎవరో ఆడమనిషి, "తెలుగు వచ్చునా?" అని అడిగింది. వచ్చునంటే, "అలాగైతే రా. సుంగై సిపుట్ రా. ఇది ఫోన్లో సెప్పేది కాదు" అని పెట్టేసింది.

ఆ రిపోర్టు రాసింది యోగేశ్వరే. కంపెనీలు తమ లాభాల గురించి మాత్రమే కాక, వాడిన నీటి గురించి, వదిలిన మురికి గురించి, తమ కింద పనిచేసే మనుషుల గురించి కూడా ఏటేటా దాచకుండా రాసి నలుగురి ముందు పెట్టాలని నచ్చజెప్పే చిన్న సంస్థ ఒకటి కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉంది. ఎనిమిదేళ్లుగా ఆమె పని అదే. పెద్ద కంపెనీలకు చట్టం భయం ఉంది. చిన్నవాటిని బతిమాలాలి. వర్నసారి వాళ్లను రెండేళ్లు బతిమాలింది. వచ్చే శుక్రవారం కౌలాలంపూర్‌లో అరవైమంది చిన్న కంపెనీల యజమానుల ముందు నిలబడి, "వీళ్లు చేయగలిగింది మీరెందుకు చేయలేరు?" అని ఆ రిపోర్టునే చూపించి మాట్లాడాల్సింది కూడా ఆమే.

మంగళవారం పొద్దున్నే కె.ఎల్. సెంట్రల్ స్టేషన్లో, ఫ్యాక్టరీ ఉన్న సుంగై సిపుట్‌కు రైలెక్కింది. ఆఫీసులో ఒంట్లో బాగోలేదని చెప్పింది.

సుంగై సిపుట్ స్టేషన్లో దిగేసరికి వాన పడుతోంది. పెద్ద వాన కాదు, ఆగని వాన. టాక్సీ ఆమెను ఊరి చివర చౌక ఇళ్ల వరసలో ఒక గేటు ముందు దించింది. ఇంటి ముందు రేకుల చూరు కింద ఒక మోటార్ సైకిల్. దానికి ప్లాస్టిక్ పట్టా కప్పి, తాడుతో కట్టేసి ఉంది. చాలా రోజులుగా దాన్ని ఎవరూ తీసినట్టు లేదు.

తలుపు దగ్గర నిలబడ్డ మనిషికి యాభై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. బటిక్ లుంగీ, పైన మగవాళ్ల టీషర్టు. యోగేశ్వరిని కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసింది.

"ఏటి, నువ్వేనా ఆ బుక్కు రాసినావు?"

"నేనే ఆంటీ."

"ఆంటీ ఏటి లా? తెలుగోల్ల గుంటవి. అత్తా అను. నా పేరు దేవుడమ్మ. తడిసిపోతన్నావు, లోపలికి రా."

లోపల గోడవారగా అరమీద దేవుడి పటాలు, వాటి పక్కన ఒక పెద్ద ఫొటో. ఫొటోకు ప్లాస్టిక్ మల్లెల దండ. పసుపు హెల్మెట్టు, అదే నవ్వు. ముఖాన్ని బాగా పెద్దది చేయించడంతో అంచులు మసకబారాయి. యోగేశ్వరి చెప్పులు విడిచిన చోటే ఆగిపోయింది. రైలులో వస్తూ ఆమె ఏవేవో ఊహించుకుంది. ఫొటో అడక్కుండా వేశారని గొడవేమో అనుకుంది, ఉద్యోగం పోయిందేమో అనుకుంది. దండ మాత్రం ఆ ఊహల్లో లేదు.

"మాకు ఆయన ఫొటో మంచిది ఒక్కటీ నేదు," దేవుడమ్మ అంది. "పెల్లినాటిది ఉండేది, వరదలో పోనాది. మీ బుక్కులో బాగా పడ్డాడు. టౌనులో ఫొటో సాపోడి దగ్గిర పెద్దది సేయించి, ఆ తరువాత ఆ కాయితం నీకు పంపినాను."

"మీ ఆయనా, అత్తా?"

"సన్యాసి. ఆయన పేరు సన్యాసి. నీ బుక్కులో పేరు రాయనేదు కదా, అందుకని సెప్తన్నాను."

నిజమే. ఆ ఫొటో కింద పేరు లేదు. 'మా మనుషులే మా బలం' అని మాత్రం ఉంది. ఫొటో కంపెనీ పంపినది, ఆ మాట మాత్రం యోగేశ్వరే రాసింది. రాసిన రోజు తనకే నచ్చి, పక్క టేబుల్ అమ్మాయికి చదివి వినిపించింది కూడా.

"ఎప్పుడు... ఎప్పుడు పోయినారు?"

"మార్చి పదకొండు. మంగలారం. ఇలాటి వానే."

యోగేశ్వరి కుర్చీలో కూర్చుంది. ఆమె బుర్రలో ముందు మెదిలింది ఆ మనిషి చావు కాదు, తేదీ. రిపోర్టు లెక్క మార్చి ముప్పై ఒకటితో ముగిసింది. పదకొండు అంటే ఆ సంవత్సరం లోపలే. అలా ఆలోచించినందుకు మరుక్షణమే ఆమెకు తనమీద తనకే రోత పుట్టింది.

దేవుడమ్మ నల్లటీ తెచ్చి ముందు పెట్టింది. అర కింద నుంచి రిపోర్టు తీసింది. పేజీ చింపిన చోట దారాలు వేలాడుతున్నాయి. గుర్తు పెట్టి ఉంచుకున్న పేజీ తెరిచి, యోగేశ్వరి ఒళ్లో పెట్టింది.

"ఇది సదువు."

యోగేశ్వరికి అది ఏ పేజీయో చూడకుండానే తెలుసు.

"జూలైలో కిలాంగ్‌లో, అదే ఫ్యాక్టరీలో, పెద్ద పండగ సేసినారు," దేవుడమ్మ చెప్పింది. "పనోల్లందరికీ నాసి లెమా అన్నం పొట్లం, ఈ బుక్కూ ఇచ్చినారు. నా కూతురు తెచ్చినాది. ఆయన ఫొటో సూసి నానెంత సంబరపడ్డానో నీకేం తెలుసు? పోయినోడిని మర్సిపోనేదు, బుక్కులో ఏసినారు అనుకున్నాను. వాడకంతా తిప్పి సూపించినాను. పక్కింట్లో తమిళ బడి టీచరమ్మ ఉన్నాది. ఆయమ్మ తిరగేస్తా తిరగేస్తా ఇక్కడ ఆగిపోనాది. మొకం మాడిపోనాది. ఏటి టీచర్ అంటే సెప్పదు. సెప్పమని సెయ్యి పట్టుకున్నాను. నువ్వూ సదువు. నీ నోటితో ఇనాలని పిలిసినాను."

వాన చప్పుడులో వినపడేలా యోగేశ్వరి చదివింది. "పని చేసే చోట మరణాలు... సున్నా."

"సున్నా అంటే ఏటి?"

"అంటే... ఎవరూ లేరు అని."

"ఎవులూ నేరు." దేవుడమ్మ అరమీది ఫొటో వైపు చూసింది. "మరి ఈయనెవులు?"

జవాబు యోగేశ్వరి దగ్గర ఉంది. అదే ఆమెను నలిపేసింది. జవాబు లేకపోతే ఏడ్చి ఊరుకునేది.

సన్యాసి వర్నసారి కంపెనీ మనిషి కాడు. ట్యాంకుల పనికి మనుషులను పంపేది నాగప్పన్ అనే కాంట్రాక్టరని యోగేశ్వరికి తెలుసు; సన్యాసి అతని మనిషి. ఆ మురుగు ట్యాంకుల దగ్గర ఎన్నేళ్లు పనిచేసినా, ఆ కంపెనీ పుస్తకాల్లో ఆయన లేడు. రిపోర్టు తయారుచేసేటప్పుడు యోగేశ్వరి కాంట్రాక్టు పనివాళ్ల వివరాలు కూడా పంపమని ఫ్యాక్టరీ మేనేజరు రవిచంద్రన్‌కు రెండుసార్లు రాసింది. 'ఆ వివరాలు మా దగ్గర లేవు. ఇది మా మొదటి సంవత్సరం, కాస్త చూసీచూడనట్టు పోండి. మరీ బిగిస్తే మా బాస్ అసలు రిపోర్టే వద్దంటారు' అని ఆయన జవాబిచ్చాడు. మూడోసారి ఆమె రాయలేదు. భయపెడితే కంపెనీలు ముందుకు రావు, మెల్లగా అలవాటు చేయాలి, వచ్చే ఏడు ఇంకాస్త అడగవచ్చు అని తను కొత్తగా చేరినవాళ్లకు నేర్పేదే తానూ చేసింది. 'కాంట్రాక్టు పనివారు ఈ లెక్కలో చేరరు' అన్న ఒక్క వాక్యాన్ని ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో పెట్టింది.

ఇదంతా తనకొచ్చిన తెలుగులో, మాటలు దొరక్కపోతే తమిళం కలిపి, తడబడుతూ చెప్పింది. దేవుడమ్మ అంతా విని, టీ కప్పు అంచు మీద వాలిన ఈగను చేత్తో తోలింది.

"మీ తాత ఏటి సేసేవాడు?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఎందుకో యోగేశ్వరికి అర్థం కాలేదు. "ఎస్టేటులో కిరాణి అత్తా, కూలీల లెక్కలు రాసే గుమాస్తా. ఈ పక్కనే, లింటాంగ్ వైపు."

"అనుకున్నాను. నీ పంతుల తెలుగు సూస్తేనే తెలిసినాది. మా తాత ఆ ఎస్టేటులోనే రబ్బరు గీసినాడు. పొద్దున్న నాలుగున్నరకి దీపం ఎట్టుకుని కిరాణి చెక్‌రోల్ పిలిసేవాడంట. పేరు పిలిస్తే పలకాల. పలికినోడికి ఆ రోజు కూలి. తెల్లోడి కాలంలో, మేం కూలోల్లం, పశువుల్లాగా బతికినాం. అయినా ఆ చెక్‌రోల్‌లో మా తాత పేరు ఉండేది. పాము కరిసి సచ్చిపోతే, సచ్చిపోనాడని కూడా కిరాణి రాసినాడు. ఇప్పుడు మనవరాలివి నువ్వు కంప్యూటర్ ఎట్టుకుని రాసినావు. మా ఆయన పేరు నేదు. సావు కూడా నేదు."

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేదని యోగేశ్వరికి అనిపించింది.

"ఆయన ఎలా పోయినారో... వాళ్లేం చెప్పినారు అత్తా?"

"గుండె ఆగిపోనాదని సెప్పినారు. గేటు దగ్గిర నడుస్తా నడుస్తా పడిపోనాడంట. కాయితం కూడా ఇచ్చినారు. కానీ ఆస్పత్రిలో బట్టల సంచి ఇచ్చినారు కదా, అది నాను ఇప్పి సూసినాను. బూట్ల నిండా నల్లటి బురద. షర్టు పిండితే బురద. కుల్లిన కోడిగుడ్డు కంపు. గేటు దగ్గిర పడినోడికి అంత బురద ఎక్కడిది? నాగప్పన్‌ని అడిగినాను. మొదటి రోజు ఏడిసినాడు, 'ట్యాంకులో దిగినాడు వదినా' అన్నాడు. మర్నాటికి మాట మార్సినాడు. మరి మా గుమ్మం తొక్కనేదు."

"ట్యాంకులోకి ఎందుకు దిగారు? దానికి మిషన్ ఉంది కదా. లోపలికి మనుషులు దిగకూడదు, గాలి పరీక్ష చేయాలి..." యోగేశ్వరి ఆగిపోయింది. ఆ నియమాలన్నీ పంతొమ్మిదో పేజీలో ఉన్నాయి. వాటినీ తనే రాసింది.

"నన్నడుగుతావేటి? ముందు రోజు సాయంత్రం అన్నం తింటా సెప్పినాడు. 'బుధవారం కౌలాలంపూర్ నించి పెద్దోల్లు వస్తన్నారంట. నీటి ట్యాంకు సూస్తారంట. అడుగు నించి కడిగేయాలంటన్నాడు మేనేజరు. మిషన్ పాడైపోనాది, దిగాల' అని. వొద్దన్నాను. 'పెద్దోల్లు ఫొటోలు తీసుకుంటారు, మురికి కనిపిస్తే బాగోదు' అని నవ్వినాడు."

బుధవారం. మార్చి పన్నెండు.

యోగేశ్వరి ఫోన్ తీసింది. క్యాలెండరులో వెనక్కి వెళ్లింది. మార్చి పన్నెండు: వర్నసారి, సుంగై సిపుట్, ఫ్యాక్టరీ పరిశీలన. దానిమీద అడ్డగీత. పదకొండో తేదీ మధ్యాహ్నం రవిచంద్రన్ ఫోన్ చేశాడు. బాయిలర్ రిపేరు, ఒక వారం వాయిదా వేద్దాం అన్నాడు. హోటలు బుక్ చేసుకున్నాక చెబితే ఎలా అని ఆమె విసుక్కుంది. ఆయన చాలాసార్లు సారీ చెప్పాడు. గొంతు వణికింది కూడా. రిపేరు ఒత్తిడి అనుకుంది. మరుసటి బుధవారం వెళితే ట్యాంకు అడుగు దాకా కనిపించేంత తేటగా ఉంది. "చాలా శుభ్రంగా ఉంచారే!" అని మెచ్చుకుంది.

"ఆ పెద్దోల్లు... నేనే అత్తా," అంది.

దేవుడమ్మ అర్థం కానట్టు చూసింది.

"ఆ బుధవారం వస్తామన్నది నేనే. వేరే ఎవరూ లేరు. నేనూ, మా ఆఫీసు డ్రైవరూ. ట్యాంకు చూడాలి అని ఉత్తరం రాసింది నేనే."

వాన ఒక్కసారిగా రేకుల మీద పెరిగి మళ్లీ తగ్గింది. దేవుడమ్మ లేచి వంటగదిలోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు, చాలాసేపు నీళ్లు పడుతున్న చప్పుడు. యోగేశ్వరి వెళ్లిపోదామా అనుకుంది. ఒళ్లోని రిపోర్టు మూసి అక్కడే కూర్చుంది. దేవుడమ్మ తిరిగొచ్చినప్పుడు ముఖం కడుక్కుని ఉంది. ఎదురుగా కాకుండా పక్క కుర్చీలో, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"నువ్వు సంపినావని నాననను. అంటే నాకు పాపం. నీకేటి తెలుసు, నువ్వు ఉత్తరం రాసినావు. కానీ ఇప్పుడు తెలిసినాది కదా."

"తెలిసింది."

"డబ్బులు అడగను. నాకు పరిహారం వొద్దు. ఆ సున్నా తీసి ఒకటి అని రాయి. అంతే. ఆయన సచ్చిపోనాడని ఒక్క చోటైనా రాసి ఉండాల."

అచ్చయిన రిపోర్టును దిద్దడం అంటే ఏమిటో యోగేశ్వరికి తెలుసు. కంపెనీ ఒప్పుకోదు. తన సంస్థ పేరు పోతుంది. ఇంతకాలం ఆమె బతిమాలి దారికి తెచ్చిన కంపెనీలన్నీ, రాస్తే ఇలా మెడకు చుట్టుకుంటుందని వెనక్కి జారుకుంటాయి. శుక్రవారం ఆ అరవైమంది ముందు నిలబడి చెబితే తన ఉద్యోగం కూడా ఉండకపోవచ్చు. ఇవన్నీ లెక్కపెట్టుకుంటూనే, "రాస్తాను అత్తా" అంది. "శుక్రవారం మీటింగులో చెప్పేస్తాను. ఆయన పేరు పెట్టే చెప్తాను."

"రాయొద్దు."

తలుపు దగ్గర రెయిన్‌కోటులోంచి నీళ్లు కారుతూ ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. మెడలో వర్నసారి ఐడీ కార్డు. మొదటి షిఫ్టు దిగి వచ్చినట్టుంది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

"నా కూతురు నంతిని," దేవుడమ్మ అంది. "ఏటి రాయొద్దంటావు? నోర్ముయ్యి."

"అమ్మా, సాలు. ఇంక సాలు." నంతిని హెల్మెట్టు తీసి నేలమీద పెట్టింది. యోగేశ్వరి వైపు తిరిగి, తమిళం, తెలుగు కలిపి గబగబా మాట్లాడింది. "అక్కా, నువ్వు రాస్తే ఏం జరుగుతాదో నాకు తెలుసు. గ్లోవ్స్ కొనే యూరోప్ కంపెనీ ఆ బుక్ సూసే ఆర్డర్ ఇచ్చింది. ఒక్క మాట రాస్తే ఆర్డర్ కట్. లైను మూసేస్తారు. మూడువందల మంది ఆడవాల్లు ఉన్నారు లా అక్కడ, అందరూ మా తామాన్‌లో, ఈ ఇళ్ల వరసల్లోవాల్లే. రేపు అమ్మని సూసి ఎవరు నవ్వుతారు? నువ్వు రైలెక్కి పోతావు. మేము ఇక్కడే ఉండాల."

"ఉందాం," దేవుడమ్మ అంది. "ఉండి, తల ఎత్తుకుని ఉందాం. నిన్ను ప్యాకింగ్ నించి ఆఫీసులోకి మార్సినారని ఆల్ల పక్క మాటాడతన్నావేటి? మీ అయ్య పోయిన రెండో వారమే ఎందుకు మార్సినారో నాకు తెలీదనుకున్నావా?"

నంతిని చెంపదెబ్బ తిన్నదానిలా కళ్లు దించుకుంది. ఐడీ కార్డు దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"నువ్వు అక్కడే ఉన్నావు కదా ఆ రోజు?" యోగేశ్వరి మెల్లగా అడిగింది. "షిఫ్టులో."

నంతిని తలుపు వైపు తిరిగింది.

"నంతినీ, నేను రాసేది నిజం కాకపోతే వాళ్లు ఒక్క నిమిషంలో కొట్టేస్తారు. నువ్వు ఏమైనా చూసి ఉంటే..."

"ఒకటి అని రాస్తే అది కూడా అబద్ధమే అక్కా."

దేవుడమ్మ తల తిప్పింది. "ఏటన్నావు?"

నంతిని గోడకు ఆనుకుని, అలాగే జారి నేలమీద కూర్చుంది. తడి రెయిన్‌కోటు కింద నీళ్లు మడుగు కడుతున్నాయి. తల్లి ముఖం చూడకుండా, నేలకే చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"విజిల్ వేసినారు. అందరూ వెనకపక్కకు పరిగెత్తినారు, నేనూ పరిగెత్తినాను. అయ్య అప్పటికే లోపల పడిపోయినాడు, కనిపించట్లేదు. ఎవరూ దిగట్లేదు. అప్పుడు ఒక నేపాల్ వాడు, అయ్యతో కలిసి అన్నం తినేవాడు అమ్మా, అయ్య వాడిని తమ్ముడూ అనేవాడు... వాడు మొకానికి తడిగుడ్డ కట్టుకుని దిగినాడు. అయ్యకి తాడు కట్టినాడు. అయ్య పైకి వచ్చినాడు. వాడు రాలేదు. మల్లీ తాడు వేసి వాడినీ లాగినారు."

"ఆరు నెల్లు," దేవుడమ్మ అంది. "ఆరు నెల్లు ఇది కడుపులో ఎట్టుకుని నా పక్కన పడుకున్నావా?"

"సెప్తే నీ పని కూడా పోతాదన్నాడు మేనేజరు. నేను భయపడ్డాను." నంతిని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆ వేళ్ల మధ్య నుంచే మాట వచ్చింది. "అయ్యకి ఊపిరి లేదు. వాడికి ఉన్నాది. నేను సూసినాను, కడుపు ఎగసి పడతన్నాది. అయ్యని కారులో ఎక్కించి ఆస్పత్రికి పంపినారు. వాడిని తెల్ల వ్యానులో పడేసినారు. మరి వాడిని ఎవరూ సూడలేదు. వాడి పేరు ఏ లిస్టులోనూ లేదు. ఆఫీసుకు మారినాక దొంగతనంగా అన్నీ వెతికినాను."

"వాడినీ ఆస్పత్రికే తీసుకెళ్లి ఉంటారు కదా?" యోగేశ్వరి అడిగింది.

నంతిని చేతులు దించి మొదటిసారి ఆమె కళ్లలోకి నేరుగా చూసింది.

"అక్కా, మా గేటు నించి ఆస్పత్రి కుడిపక్క. వ్యాను ఎడమపక్కకు తిరిగినాది."